పాత పికప్ కొంటానంటున్నావుగా, ఇది చదివాక కొను

మామా,

నీ మెసేజ్ చూశాను. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే ఇంత పెద్ద ఉత్తరం. కొత్త బండి తీసుకుని ఐదేళ్లు కంతులు కట్టడమా, లేకపోతే చిత్తూరు బ్రోకర్ చూపించిన ఆ 2014 బొలెరో పికప్ తీసుకోవడమా అని కదా నీ టెన్షన్. నా మాట ముందే చెప్పేస్తా. మన టమోటా లోడ్ల పనికి పాతదే చాలు, కాకపోతే ఇంజన్ చూసి కొనొద్దు. ఛాసిస్, అంటే బండి బరువంతా మోసే కింది ఇనుప చట్రం చూసి కొను, కాయితాలు చూసి కొను.

మనవాళ్లంతా చేసేది ఏంటి, బానెట్ ఎత్తించి, ఒకటికి రెండుసార్లు రేజ్ చేయించి, "సౌండు బాగుందన్నా" అనుకుని అడ్వాన్స్ చేతిలో పెట్టేస్తారు. ఇంజన్ పోయినా బాగు చేయించుకోవచ్చు మామా. పిస్టన్ రింగులు పోతే రింగులు వేస్తాం, బోరు అరిగితే బోరు పని చేయిస్తాం, హాఫ్ ఇంజనో ఫుల్ ఇంజనో ఏదో ఒకటి చేయించి మళ్లీ రోడ్డెక్కిస్తాం, దానికి లేత్ షాపులు మదనపల్లెలో ఉన్నాయి, చిత్తూరులో ఉన్నాయి, దొరకని పార్టు ఏదన్నా ఉంటే విజయవాడ ఆటోనగర్ ఉండనే ఉంది. ఛాసిస్ పగిలిన బండి అలా కాదు. వెల్డింగ్ పెట్టి పైన పట్టీ వేస్తారు, కొన్నాళ్లు బాగానే ఉంటుంది, తర్వాత ఆ పట్టీ అంచున ఇంకో పగులు మొదలవుతుంది. ఆ పగులుతో మొగిలి ఘాట్‌లో లోడుతో దిగుతున్నట్టు ఒకసారి ఊహించుకో, నాకైతే రాసేటప్పుడే గుండె దడగా ఉంది.

అది ఎందుకు పగులుతుందో నీకు తెలియనిది కాదు. ఆ తరం పికప్‌కి లోడు టన్నుంబావు దగ్గర, కచ్చితంగా ఎంతో ఆర్‌సీ మీద చూసుకో. టమోటా క్రేటు ఒక్కోటి పాతిక, ముప్పై కిలోలు వేసుకుంటే నలభై ఐదు క్రేట్లకే బండి నిండినట్టు లెక్క. సీజన్‌లో మన మార్కెట్ యార్డుకు వచ్చే బండ్లు ఆ లెక్కలో ఆగుతాయా? ఎనభై, తొంభై ఎక్కిస్తారు. వెనక కమాన్ కట్టలు (స్టీల్ పట్టీల స్ప్రింగులు) కూర్చుండిపోతుంటే ఇంకో రెండు పట్టీలు ఎక్కువ వేయిస్తారు. అక్కడే అసలు దెబ్బ. కట్ట ఊగితేనే గుంతలో పడ్డప్పుడు ఆ దెబ్బను అది మింగుతుంది. పట్టీలు పెంచి దాన్ని బిగుసుకుపోయేలా చేశాక ఆ దెబ్బంతా నేరుగా ఛాసిస్ మీదికి పోతుంది. అందుకే నువ్వు చూసే బండికి ఎక్స్‌ట్రా పట్టీలు ఉంటే "స్ట్రాంగ్ చేయించాం సార్" అని గొప్పగా చెప్పినా వినొద్దు, ఆ బండి జీవితమంతా ఓవర్‌లోడ్ మోసిందని అర్థం. కొన్నాక నువ్వు కూడా ఎక్కించొద్దు. 2019లో చట్టం మార్చాక ఓవర్‌లోడ్ జరిమానా 20,000 రూపాయలు, అదనంగా మోసిన ప్రతి టన్నుకూ ఇంకో 2,000. జరిమానా పక్కన పెట్టినా, పది క్రేట్ల బాడుగ కోసం బండి ఆయుష్షు తగ్గించుకోవడం నాకు ససేమిరా నచ్చదు.

చూడటం ఎలాగో చెప్తా. ప్యాంటు మాసినా పర్లేదు, కింద పడుకోవాలి. టార్చ్ పట్టుకుని క్యాబిన్ వెనక గోడ దగ్గర మొదలుపెట్టి వెనక్కి రా. క్యాబిన్‌కీ తొట్టికీ మధ్య సందులో ఛాసిస్ పైభాగం చూడు, తర్వాత కమాన్ కట్ట ముందు బ్రాకెట్ ఛాసిస్‌కి రివెట్లు కొట్టిన చోటు, తర్వాత యాక్సిల్ మీద ఛాసిస్ వంపు తిరిగే చోటు. పగుళ్లు ఎక్కువగా ఈ మూడు చోట్లే వస్తాయి. రివెట్ చుట్టూ ఎర్రగా తుప్పు పొడి రాలుతుంటే ఆ రివెట్ కదులుతోందన్నమాట. రివెట్ ఉండాల్సిన చోట బోల్టు కనిపిస్తే ఎందుకు మార్చారో అడుగు. బండంతా దుమ్ము కొట్టుకుని ఉండి ఒక్కచోట మాత్రం నల్ల పెయింటు తళతళలాడుతుంటే ఆ పెయింటును గోటితో గీకు, కింద వెల్డింగ్ ముద్ద తగులుతుంది. చిన్న సుత్తితో తట్టుకుంటూ పో. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది బొద్దుగా పలుకుతుంది. నెల్లూరు, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో చేపలు, రొయ్యలు మోసిన బండైతే ఇది ఇంకా ముఖ్యం, ఐసు కరిగిన ఉప్పు నీళ్లు తొట్టి కిందకి కారి కారి ఛాసిస్‌ని లోపలి నుంచి తినేస్తాయి. ఆర్‌సీలో మొదట ఏ జిల్లా రిజిస్ట్రేషనో అందుకే చూడమంటున్నా.

ఇంజన్ అసలు చూడొద్దని కాదు. పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు చూడు. నువ్వు వెళ్లేసరికే స్టార్ట్ చేసి పెట్టి ఉంటే ఏదో దాస్తున్నారని అనుమానించొచ్చు, ముందు ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడు. చల్లటి బండి సెల్ఫ్ కొట్టగానే పట్టుకోవాలి. నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతోంది, ఆగకుండా తెల్ల పొగ వచ్చి పచ్చి డీజిల్ వాసన కొడితే నాజిల్సో కంప్రెషనో తేడా, రేజ్ చేసినప్పుడల్లా నల్ల పొగ కమ్మేస్తుంటే ఎయిర్ ఫిల్టరో పంపో చూడాలి. ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత విప్పు, గాలి ఫుస్ ఫుస్ మని గట్టిగా తన్నుతుంటే రింగులు అయిపోయాయి. ఇవేవీ బండి వద్దనుకునే కారణాలు కావు, ధర తగ్గించమని అడిగే కారణాలు. కిలోమీటర్ల మీటర్‌ని మాత్రం అస్సలు నమ్మకు. క్లచ్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ రింగు, డ్రైవర్ సీటు అంచు ఎంత అరిగాయో అవే నిజం చెప్తాయి. టైరు పక్కన నాలుగంకెల నంబరు ఉంటుంది, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. గాట్లు బాగున్నా టైరు బాగా పాతదైతే లోడుతో ఎండలో పగులుతుంది.

ఇప్పుడు నీళ్ల సంగతి. మన సీమలో పాత ఇంజన్లను చంపేది కిలోమీటర్లు కాదు, బోరు నీళ్లు. రేడియేటర్ కాస్త తగ్గిందంటే చాలు, రోడ్డు పక్క హోటల్లో బక్కెట్ నీళ్లు అడిగి పోసేస్తారు. ఆ నీళ్లలో ఉండే సున్నం ఇంజన్ వేడికి లోపల గారలా పేరుకుంటుంది. మా పక్క ఊరి ఆయన బండి ఘాట్ ఎక్కేటప్పుడల్లా వేడెక్కుతోందని రేడియేటర్ షాపులో విప్పించాడు, నేను పక్కనే ఉన్నాను. ట్యాంక్ మూత ఊడదీసి చూస్తే సన్నటి గొట్టాల నోళ్లు సగానికి పైగా తెల్లగా పూడుకుపోయి ఉన్నాయి, రాడ్ పెట్టి దూరుస్తుంటే సున్నం పెళ్లలు పెళ్లలుగా రాలింది. అప్పటికే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్ కింద ఉండే సీలు) పోయింది. ఇంజన్ బ్లాకు లోపల కూడా అదే గార, అక్కడికి ఏ రాడ్డూ పోదు. కాబట్టి నువ్వు చూసే బండి చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి చూడు. పచ్చగానో ఎర్రగానో కూలెంట్ ఉంటే ఓనర్ బాగా చూసుకున్నాడు. తుప్పు నీళ్లు, మూత చుట్టూ తెల్లటి పొర ఉంటే లోపలా అంతే. స్టార్ట్ చేశాక నీళ్లలో ఆగకుండా బుడగలు వస్తుంటే గ్యాస్కెట్ లీకు. కొన్న మర్నాడే మొత్తం కడిగించి, డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంట్ పోయించి, ఒక క్యాన్ బండిలోనే పెట్టుకో. తక్కువ ఖర్చుతో ఎక్కువ కాలం బండిని బతికించేది ఇదొక్కటే అని నా నమ్మకం.

టాటా 207 కూడా చూశానన్నావు. నాకు ఆ బండంటే గౌరవం. 1988లో టాటామొబైల్‌తో మొదలైన వరస అది, 207 డీఐలో ఉన్నది 2956 సీసీ ఇంజన్, 407 లారీ ఇంజన్ కుటుంబానిదే, లాగుడుకి తిరుగులేదు. బొలెరోది 2523 సీసీ. రెంటిలో ఏది గొప్ప అని చాలామంది వాదించుకుంటారు కానీ నేను అడిగేది వేరే: మీ ఊరి మెకానిక్ కళ్లు మూసుకుని ఏ బండి విప్పగలడు, రాత్రి పది గంటలకు పీలేరులో ఆగిపోతే ఏ బండి పార్టు దొరుకుతుంది? మన వైపు ఆ జవాబు బొలెరో. ఇసుజు డీ-మాక్స్ మన శ్రీసిటీలోనే 2016 నుంచి తయారవుతోంది, చక్కటి బండి, నడిపితే సంతోషంగా ఉంటుంది. కానీ పాత బండి మెయింటెనెన్స్ అంటే ఎక్కువగా పార్టుల కోసం తిరగడమే, ఆ తిరుగుడు ఎంత తక్కువుంటే నీకు అంత మంచిది.

మరీ కొత్తది, బీఎస్-6 (బండి పొగ మీద ప్రభుత్వం పెట్టిన ప్రమాణం) సెకండ్ హ్యాండ్ ఎందుకు వద్దంటున్నానో కూడా విను. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-4 వచ్చింది, దానికి ముందున్న బీఎస్-3 బండ్ల అమ్మకాన్ని ఆ రోజు నుంచే సుప్రీంకోర్టు ఆపేసింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6. పొగ బాగా తగ్గింది, అది నిజంగా మంచి పని, యార్డులో రోజంతా బండ్ల మధ్య నిలబడే హమాలీలకు ఆ తేడా తెలుస్తుంది. కానీ బీఎస్-6 డీజిల్ బండి పొగ దారిలో మసి పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి కాసేపు ఒకే వేగంతో వేడిగా నడవాలి. నీది తోట నుంచి యార్డుకు, యార్డు నుంచి తోటకు, చిన్న చిన్న ట్రిప్పులు, నిలిపి ఉంచి క్రేట్లు దించడాలు. ఫిల్టర్ పూడుకుపోయి లైటు వెలిగితే మీ ఊళ్లో స్కానర్ ఎవరి దగ్గరుంది? నువ్వు రోజూ చెన్నైకి లోడు వేసేవాడివైతే ఇదే ఉత్తరంలో బీఎస్-6 తీసుకోమనేవాణ్ని. అదే పాత రకం మెకానికల్ డీజిల్ పంపు బండికి డీజిల్ ఫిల్టర్ కింద నీళ్లు వదలడం, టైముకి ఆయిల్ మార్చడం, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్‌లకు గ్రీజు కొట్టించడం చేస్తే చాలావరకు నీ మాట వింటుంది. టర్బో ఉంటే ఘాట్ ఎక్కి ఆపగానే ఆఫ్ చేయకు, కాసేపు ఐడిల్‌లో వదిలెయ్.

కాయితాల దగ్గర మొహమాటపడకు. ఎనిమిదేళ్లు దాటిన ట్రాన్స్‌పోర్ట్ బండికి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ప్రతి ఏడాదీ చేయించాలి, ఇది ఎప్పటిదాకా ఉందో చూడు. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన బండ్లకు ఎఫ్‌సీ ఫీజులు బాగా పెంచారు. ఆ వయసు లెక్కలు తర్వాత కూడా మారాయి, నువ్వు చూసిన 2014 మోడల్‌కి ఇప్పుడు ఎంత పడుతుందో కనుక్కునే రేటు మాట్లాడు. ఆర్‌సీలో లోడుతో కలిపిన మొత్తం బరువు 3,000 కిలోలు మించకపోతే గూడ్స్ పర్మిట్ అక్కర్లేదు, మించితే కావాలి. ఫైనాన్స్ ఉందా అని చూడు, ఉంటే అప్పు తీరిందని కంపెనీ ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి వచ్చాకే డబ్బులు. పేరు మార్చడానికి ఫారం 29, 30. చలాన్లు, ట్యాక్స్ బకాయిలు ఆన్‌లైన్‌లో బండి నంబరు కొట్టి నువ్వే చూడు, బ్రోకర్ ఫోన్‌లో చూపించే స్క్రీన్‌షాట్లు కాదు. లైసెన్స్ గురించి అడిగావు కదా, నీ దగ్గరున్న ఎల్ఎంవీ (లైట్ మోటార్ వెహికల్) లైసెన్స్ చాలు. 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండి దాంతో నడపొచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది, 2024 నవంబర్‌లో రాజ్యాంగ ధర్మాసనం కూడా అదే ఖాయం చేసింది.

ఇంకో మాట, నీ పాత టాటా ఏస్ మీ బావమరిదికి ఇచ్చేస్తానన్నావు. ఇవ్వు, కానీ ఆర్‌సీ అతని పేరు మీదికి మారాకే ఇవ్వు. ఆర్‌సీలో ఎవరి పేరుంటే యాక్సిడెంట్ నష్టపరిహారం వాళ్ల మీదికే వస్తుందని 2018లో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఇంట్లో వాళ్లే కదా అని వదిలేస్తే రేపు ఏదన్నా జరిగితే మీ ఆవిడకీ నీకూ మధ్య మాటలు వస్తాయి.

డబ్బు లెక్క ఇలా చేసుకో. కొత్త బండికి నెల కంతు ఎంత పడుతుందో కనుక్కుని, దాంట్లో మూడో వంతు ప్రతి నెలా ఈ పాత బండి పేరు మీద పక్కన పడెయ్, టమోటా రేటు ఉన్నా లేకపోయినా. కంతుకి రేటుతో పనిలేదు మామా, రోడ్డు మీద టమోటాలు పారబోసిన నెలలో కూడా బ్యాంకు ఐదో తారీఖుకి అడుగుతుంది. పాత బండి ఖర్చు అలా తారీఖు పెట్టుకుని రాదు. క్లచ్ ప్లేటు రెండు వారాలు లాగించొచ్చు. బ్రేకులు మాత్రం ఒక్క రోజు కూడా ఆపకు. నేను నా బండి అమ్మకుండా ఇన్నేళ్లు ఉంచుకున్నది ఇందుకే, అది మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేకుండా చేయలేదు.

ఆదివారం పొద్దున ఆరింటికల్లా చిత్తూరు బస్టాండ్ దగ్గర ఉంటా. మనం ఏ టైముకి వస్తున్నామో బ్రోకర్‌కి చెప్పకు, ఇంజన్ చల్లగా ఉండాలి. టార్చ్, సుత్తి నేను తెస్తా, నువ్వు పాత చొక్కా వేసుకుని రా. మా మెకానిక్ అన్నను కూడా అడిగాను, వస్తానన్నాడు, ఆయనకు డీజిల్ ఖర్చు, టిఫిన్ మనమే చూసుకోవాలి. అప్పటిదాకా ఎంత బతిమాలినా, "ఇంకో పార్టీ లైన్లో ఉంది సార్" అన్నా, ఒక్క రూపాయి అడ్వాన్స్ ఇవ్వకు. ఆర్‌సీ రెండు వైపులా ఫోటో తీసి ఇవాళే పంపు.

నీ,
మామ