చేతులకు విశ్రాంతి దొరికిన రోజుల్లో తోడు నిలిచినవాళ్లకి

అందరికీ నమస్కారం.

మణికట్ల నొప్పితో కీబోర్డు ముట్టుకోలేక, "కొన్నాళ్లపాటు చేతులు వాడకుండా పని చేసుకునే దారి ఏదైనా ఉంటే చెప్పండి" అని అడిగినప్పుడు మీలో చాలామంది స్పందించారు. నొప్పి పూర్తిగా పోలేదు గానీ అదుపులోకి వచ్చింది. ఈ ఉత్తరంలో సగం టైపు చేశాను, సగం నోటితో చెప్పాను. ఎక్కడైనా వాక్యం మరీ సాగినట్టుంటే అది నోటితో చెప్పిన భాగమని అర్థం చేసుకోండి.

నేను అడిగింది పని గురించే. కానీ మీరు నా సరదాలను కూడా పట్టించుకున్నారు. ఈ కృతజ్ఞతలు ముఖ్యంగా అందుకు.

నా పరిశోధన షెడ్యూలింగ్ అల్గారిథమ్‌ల మీద. పనులు చాలా ఉంటాయి, యంత్రాలు కొన్నే ఉంటాయి, ఏది ముందు ఏది వెనక అన్నది తేల్చాలి. చేతులు మొరాయించినప్పుడు నా మేలు కోరేవాళ్లు చాలామంది ఒకే మాట అన్నారు: "ఆ బంతులాటలూ అవీ పక్కన పెట్టు, ఉన్న కాస్త ఓపికనూ పనికి దాచుకో." వినడానికి సబబుగానే ఉంటుంది. వనరు తక్కువైనప్పుడు ఎక్కువ విలువైన పనికే కేటాయించమని నేను కూడా పాఠం చెబుతాను. అయితే ఆ పాఠంలో యంత్రానికి ఒక పని తగ్గిస్తే మిగతా పనులు అంతే వేగంగా సాగుతాయన్న ఊహ ఉంటుంది. మనిషి విషయంలో ఆ ఊహ నిలవదు. సరదాలన్నీ తీసేశాక మిగిలే ఆ మనిషి పేపర్లు రాయగలడేమో గానీ, వాటిలో చదవాల్సినంత విషయం ఉంటుందని నాకు నమ్మకం లేదు.

ముందు పని సంగతి చెప్పేస్తాను. నా దగ్గర పరిశోధన చేసి వెళ్లిన ఒక అమ్మాయి, తన ఉద్యోగం తనకుండగానే, సాయంత్రాలు ఫోన్లో కూర్చుని నేను చెబుతుంటే ఒక పేపరు మొత్తం టైపు చేసిపెట్టింది. మధ్యలో రెండో లెమ్మా (పెద్ద నిరూపణకు మెట్టుగా వాడే చిన్న ఫలితం) దగ్గర ఆగి, "సార్‌లా చెప్పకండి, నాకు అర్థమయ్యేలా చెప్పండి" అంది. ఆ లెమ్మా ఇప్పుడు మునుపటికంటే పొట్టిగా ఉంది. ఇంకొకరు, ఇప్పటిదాకా ముఖం కూడా చూడని వ్యక్తి, నోటితో ప్రోగ్రాములు రాసే టాలన్ అనే సాఫ్ట్‌వేర్‌ను నా యంత్రంలో అమర్చి వాడటం నేర్పారు. అందులో ఏ, బీ, సీ, డీ అనకుండా ఎయిర్, బ్యాట్, క్యాప్, డ్రమ్ అనాలి. ఒకదానికొకటి పోలిక లేని చిన్న మాటలైతే యంత్రం పొరబడదు. మొదట్లో నా గదిలోంచి వచ్చే మాటలు విన్నవాళ్లు నా ఆరోగ్యం గురించి వేరే రకంగా కంగారు పడ్డారు. రోజంతా అలా మాట్లాడితే గొంతు పాడవుతుందని, చేతులకు ఇచ్చినట్టే గొంతుకూ విరామం ఇవ్వాలని ముందే హెచ్చరించింది కూడా ఆయనే. ఆ ఒక్క మాట నన్ను రెండో కష్టం నుంచి కాపాడింది.

ఇక బంతులు.

నేను జగ్లింగ్ చేస్తాను, అంటే చేతులకన్నా ఎక్కువ బంతుల్ని ఆపకుండా ఎగరేసి పట్టుకుంటాను. గొప్పగా ఏమీ కాదు. మూడు బంతులు నిలకడగా, నాలుగు ఫరవాలేదు, ఐదు దైవాధీనం. మా రంగంలో ఈ పిచ్చి నా ఒక్కరిదే కాదు. 1948లో సమాచార సిద్ధాంతానికి పునాది వేసిన క్లాడ్ షానన్ బంతులు ఎగరేసేవాడు, ఒంటిచక్రం సైకిలు తొక్కేవాడు, జగ్లింగ్ చేసే యంత్రాలు కూడా తయారు చేశాడు. గణితవేత్త రోనాల్డ్ గ్రాహమ్ 1972లో అంతర్జాతీయ జగ్లర్ల సంఘానికి అధ్యక్షుడు. షెడ్యూలింగ్‌లో మేం ఇప్పటికీ చెప్పుకునే తొలి హామీలు (ఒక పద్ధతి ఇచ్చే జవాబు అత్యుత్తమ జవాబుకు ఇంతకు మించి దూరం పోదన్న లెక్కలు) ఈ గ్రాహమ్ నిరూపించినవే, కాబట్టి నాకు ఆయన రెండు వైపుల నుంచీ గురువు.

మణికట్లు నొప్పెడుతుంటే జగ్లింగ్ మానేయాల్సిందే అనుకున్నాను. నాకు వైద్యం చేసిన ఫిజియోథెరపిస్టు గారు అలా అనలేదు. నొప్పి ఎంతవరకు ఓర్చుకోవచ్చో హద్దు గీసి, ఆ హద్దులోపల చేతుల్ని కదిలిస్తూ ఉండాలన్నారు. (ఇది నా చేతుల సంగతి. మీ నొప్పికి మీ డాక్టరు చెప్పిందే వినండి.) తర్వాతి సారి వెళ్లినప్పుడు బల్ల మీద మూడు పల్చటి స్కార్ఫులు పెట్టారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇచ్చేవి. గాలికి ఆగుతూ నెమ్మదిగా దిగుతాయి, పట్టుకోవడానికి బలం అక్కర్లేదు, చేతిలో పడినప్పుడు దెబ్బ ఉండదు.

మొదట కాస్త అవమానంగా అనిపించింది. పది నిమిషాల తర్వాత మాత్రం షానన్ సూత్రం గుర్తొచ్చి నవ్వొచ్చింది. 1980 ప్రాంతంలో ఆయన జగ్లింగ్ మీద రాసిన వ్యాసంలో ఒక చిన్న సమీకరణం ఉంది. బంతి గాల్లో ఉండే సమయం, చేతిలో ఉండే సమయం, రెండూ కలిపి చేతుల సంఖ్యతో గుణించండి. చేయి ఖాళీగా ఉండే సమయం, బంతి చేతిలో ఉండే సమయం, ఆ రెండూ కలిపి బంతుల సంఖ్యతో గుణించండి. రెండు లబ్ధాలూ సమానం. బంతుల సంఖ్య మారకుండా, చేతిలో ఉండే సమయం మారకుండా, గాల్లో ఉండే సమయాన్ని పెంచితే చేతికి ఖాళీ దొరుకుతుంది. స్కార్ఫు చేసేది సరిగ్గా అదే. ఫిజియోథెరపిస్టు ఆవిడకి ఈ సమీకరణంతో పని లేదు. ఎన్నో జబ్బు చేతులు చూసిన అనుభవంతో, నా చేతికి కావాల్సింది ఖాళీ అని గుర్తించి, ఆ ఖాళీని ఆట ఆపకుండానే ఇచ్చారు. షెడ్యూలింగ్ చదివిన నాకు ఆ ఆలోచన రాలేదు.

నొప్పి ఎక్కువగా ఉన్న వారాల్లో స్కార్ఫులూ కుదరలేదు. అప్పుడు పాత జగ్లింగ్ మిత్రుడొకడు రోజుకో అంకెల వరుస పంపేవాడు. జగ్లింగ్‌కు సైట్‌స్వాప్ అనే లిపి ఉంది. 1980ల్లో ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా వేర్వేరు చోట్ల పుట్టింది. ఒక్కో అంకె, ఇప్పుడు ఎగరేసిన బంతిని మళ్లీ ఎన్ని తాళాల తర్వాత ఎగరేయాలో చెబుతుంది. 441 అని రాస్తే ఆ వరుసను పదేపదే వేయాలి. అంకెల సగటు ఎంతో బంతులు అన్ని. 441 సగటు మూడు, 531 సగటు కూడా మూడే, రెండూ మూడు బంతులతో వేయొచ్చు. మరి 432? సగటు మూడే, కానీ వేయలేం. మొదటి తాళంలో నాలుగు, తర్వాతి తాళంలో మూడు, ఆ తర్వాతి తాళంలో రెండు వేస్తే, మూడు బంతులూ ఒకే క్షణంలో ఒకే చేతిమీద పడతాయి. వాడు పంపిన వరుసల్లో ఏది పడుతుంది, ఏది పడదు అన్నది నేను మంచం మీద పడుకుని మనసులోనే తేల్చేవాణ్ని. చేతులు దుప్పటి మీద ఊరికే ఉండేవి.

మూడు అంకెల పొడవున, మూడు బంతులతో ఎన్ని వరుసలు సాధ్యం? ఒకే వరుసను వేరే అంకె దగ్గర మొదలుపెడితే దాన్ని కూడా విడిగా లెక్కేసుకుంటే 37. నాలుగు ఘనంలోంచి మూడు ఘనం తీసేయడమే, 64లోంచి 27. బంతులు ఎన్నైనా, పొడవు ఎంతైనా లెక్క ఇలాగే పోతుంది. గ్రాహమ్, మరో ముగ్గురు కలిసి 1994లో రాసిన వ్యాసంలో ఇది ఉంది. ఇంత అడ్డదిడ్డమైన నియమాల లోంచి ఇంత శుభ్రమైన సమాధానం రావడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆ 37 వరుసలనూ అచ్చువేసే చిన్న ప్రోగ్రామే నేను పూర్తిగా నోటితో రాసిన మొదటి ప్రోగ్రాము.

తర్వాత పద్యాలు. నేను కవిని కాను. యతిప్రాసలు సరిపెట్టుకోవడంలో ఉన్న తిక్క ఆనందం కోసం పద్యాలు అల్లుతాను. ఈ సంగతి తెలిసిన ఒక పెద్దాయన, పదవీ విరమణ చేసిన తెలుగు మాస్టారు, ఫోన్ చేసి, "చేతులతో పనేముందోయ్, నోరుందిగా. వారానికో ఉత్పలమాల చెప్పు" అన్నారు. కాగితం లేకుండా పాదానికి ఇరవై అక్షరాలు, భ ర న భ భ ర గణాల మీద వగణం, పదో అక్షరం దగ్గర యతి, రెండో అక్షరం ప్రాస, నాలుగు పాదాలూ మనసులో నిలబెట్టుకోవాలి. నాలుగో పాదంలో మాట కుదరక, మొదటి పాదం దాకా వెనక్కి వెళ్లి మార్చుకుంటూ రావాలి. మా భాషలో దీన్ని బ్యాక్‌ట్రాకింగ్ అంటాం. మొదటి పద్యం వినిపించాక కాసేపు ఏమీ మాట్లాడకుండా, "గణాలు కుదిరాయి. పద్యం కుదరలేదు" అన్నారు. అంత సూటిగా, అంత పొట్టిగా ఏ సమీక్షకుడూ నా పేపరు మీద తీర్పు చెప్పలేదు.

ఒక వారం ఆయనకు నేనూ ఒకటి చెప్పగలిగాను. గణాలు గుర్తుపెట్టుకోవడానికి చిన్నప్పుడు అందరం వల్లించిన "యమాతారాజభానసలగం" ఉంది కదా. లఘువుకు సున్న, గురువుకు ఒకటి వేస్తే 0111010001. ఇందులో ఎక్కడ మొదలుపెట్టి వరుసగా మూడు అంకెలు తీసినా ఒక కొత్త గణం వస్తుంది. ఎనిమిది గణాలూ ఒక్కొక్కసారి వస్తాయి, ఏదీ రెండోసారి రాదు. చివరి రెండు అక్షరాలు, మొదటి రెండింటి మాదిరే లఘువు, గురువు కాబట్టి చక్రంలా చుట్టేయొచ్చు కూడా. ఇలాంటి వరుసలను కంప్యూటర్ శాస్త్రంలో డి బ్రౌన్ వరుసలంటారు, గణితవేత్త డి బ్రౌన్ వ్యాసం 1946 నాటిది. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు అనుకుని, ఇన్ని మాత్రల పాదాన్ని ఎన్ని రకాలుగా పేర్చవచ్చని లెక్కేసిన ఛందశ్శాస్త్రజ్ఞుల జవాబు 1, 2, 3, 5, 8, 13. జైన పండితుడు హేమచంద్రుడు ఇది చెప్పింది, ఇవాళ ఈ సంఖ్యలను ఎవరి పేరుతో పిలుస్తున్నామో ఆ ఇటలీ గణితవేత్త ఫిబొనాచీ 1202లో పుస్తకం రాయడానికి ముందే. మాస్టారు అంతా విని, "సరే, ఈ వారం పద్యం ఏది?" అన్నారు.

నక్షత్రాల విషయంలో సాయం చేసినవాళ్లకు ఒక మాట. పెర్సియస్ రాశిలో అల్గాల్ అనే నక్షత్రం ఉంది. రెండు రోజుల 21 గంటలకోసారి కొన్ని గంటల పాటు మసకబారుతుంది, కంటికే తెలుస్తుంది. మసకబారే వేళలు ముందే లెక్కకట్టి పంపిన స్నేహితురాలికి, పక్కన నిలబడి, దాని వెలుగు గురించి నేను చెప్పిన అంచనాలు రాసిపెట్టిన ఆమె కొడుక్కి కృతజ్ఞతలు. ఆ నక్షత్రం ఎందుకలా చేస్తుందో, దాని ముందు మరో గోళం అడ్డొస్తోందేమో అని 1783లో మొదట ఊహించిన జాన్ గుడ్రిక్‌కు చెవులు వినిపించవు, అప్పటికి వయసు పద్దెనిమిదేళ్లు. ఆ పిల్లవాడికి ఈ కథ చెప్పాను. వాడికి గుడ్రిక్ వయసు మాత్రమే గుర్తుంది. తనకింకా ఎన్నేళ్లు టైముందో లెక్కేసుకుంటున్నాడు.

పొద్దున్నే నడకకు లాక్కెళ్లినవాళ్లకూ దండం. కంప్యూటర్ శాస్త్రానికి పునాది వేసినవాళ్లలో ఒకడైన అలన్ ట్యూరింగ్ 1947లో మారథాన్‌ను 2 గంటల 46 నిమిషాల్లో పరిగెత్తాడని నాకు ఉత్సాహం కలిగించడానికి చెప్పారు. ఉత్సాహం కలగలేదు, కానీ వచ్చాను.

"జగ్లింగ్ వల్ల ఏకాగ్రత పెరుగుతుందటగా, పద్యాల వల్ల జ్ఞాపకశక్తి పెరుగుతుందటగా" అని కొందరు అడిగారు. పెరిగితే పెరగనివ్వండి. నేను అందుకోసం ఆడను. ప్రతి సరదాకూ ఒక లాభం చూపించి, దాన్ని పనికి పనిమనిషిని చేస్తే గానీ మనకు ఊరట ఉండదేమో. నాకు షెడ్యూలింగ్ ఇష్టం, బంతులు ఇష్టం, ఉత్పలమాల ఇష్టం. వాటి మధ్య లంకెలు కనిపిస్తే సంతోషం, కనిపించకపోయినా నష్టం లేదు. అల్గాల్‌తో నా పరిశోధనకు ఈ రోజుకీ ఏ సంబంధమూ లేదు, ఉండాలని కోరిక కూడా లేదు. జబ్బు చేసిన మనిషిని "పని ఎలా సాగుతోంది" అని అడిగేవాళ్లు చాలామంది ఉంటారు. మీరు "ఈ మధ్య ఏం ఆడుతున్నావ్" అని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కోసమైనా ఏదో ఒకటి ఆడుతూ వచ్చాను.

ఇక ఈ బాకీ ఎలా తీర్చాలో చూద్దాం. నోటితో ప్రోగ్రాములు రాయడానికి నేను చేర్చుకున్న ఆదేశాలన్నీ ఒకచోట పెట్టి, తెలుగులో వివరణ రాస్తున్నాను. అడిగినవాళ్లకు ఇస్తాను, అమర్చుకోవడం రాకపోతే పక్కన కూర్చుని అమర్చిపెడతాను. ఎవరికైనా టైపు చేసే చేయి కావాలంటే ప్రస్తుతానికి రోజుకు అరగంట నా చేయి దొరుకుతుంది, మిగతాది నా నోరు. 441 నేర్చుకోవాలనుకునేవాళ్లు ఆదివారాలు రండి. బంతులు ఉన్నాయి. స్కార్ఫులు మాత్రం ఫిజియోథెరపిస్టు గారివి, ఈ వారం తిరిగిచ్చేస్తున్నాను. వాటి అవసరం ఉన్న ఇంకొకరు ఆవిడ దగ్గరికి వస్తున్నారట.