చక్కెర ఎన్ని చెంచాలో మెనూ బోర్డు మీదే రాయించాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

మొన్నటి ఆదివారం కాదు, ఆ ముందు ఆదివారం మీ బెంగళూరు పేజీల్లో పిల్లల ఊబకాయం మీద వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. అప్పుడే రాద్దామనుకున్నాను, షాపు పనుల్లో కుదరలేదు. తప్పంతా తల్లిదండ్రులదే అన్నట్టు రాశారు. అడిగిందల్లా కొనివ్వకండి, లేబుళ్లు చదవండి, ఇంట్లో వండిపెట్టండి అని సలహాలు. ఆ వ్యాసం కిందే అర పేజీ మామిడి డ్రింకు ప్రకటన. చెట్టు మీది కాయను నేరుగా సీసాలోకి పిండుతున్నట్టు బొమ్మ. ఒకే పేజీలో ఈ రెండూ వేస్తే తల్లిదండ్రులు దేన్ని నమ్మాలి?

కృష్ణరాజపురంలో నాకు మెడికల్ షాపు ఉంది. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ చీటీ పట్టుకుని వచ్చేవాళ్లలో ఒకప్పుడు పెద్దవయసు వాళ్లే ఎక్కువ. ఇప్పుడు మెడలో కంపెనీ ఐడీ కార్డు వేసుకున్న కుర్రవాళ్లు వస్తున్నారు. మన అనంతపురం, కడప, చిత్తూరు నుంచి ఉద్యోగాలకు వచ్చి వైట్‌ఫీల్డ్ పీజీల్లో ఉంటున్న పిల్లలు. "స్వీట్లు అస్సలు ముట్టుకోనన్నా, షుగర్ ఎట్లొచ్చిందో" అంటారు. అబద్ధం కాదు, స్వీట్లు తినరు. మధ్యాహ్నం ఫుడ్‌కోర్టులో బర్గర్, దానితో పెద్ద గ్లాసు కోలా. సాయంత్రం క్రీమ్ వేసిన కోల్డ్ కాఫీ. రాత్రి పొద్దుపోయాక ఫోన్లో ఆర్డర్ పెట్టిన పిజ్జా, దాంతో ఉచితంగా వచ్చిన ఇంకో కూల్‌డ్రింకు. ఇవేవీ వాళ్ల లెక్కలో తీపి పదార్థాలు కావు.

షుగర్ జబ్బుకు చక్కెర ఒక్కటే కారణం కాదని నాకూ తెలుసు. వంశం ఉంటుంది, నిద్ర ఉండదు, పొద్దస్తమానం కూర్చునే పని. అయితే దేశంలో 10 కోట్ల మందికి మధుమేహం, ఇంకో 13 కోట్ల మందికి పైగా దాని అంచున ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 2023లోనే చెప్పింది. ఇంత జరుగుతున్నప్పుడు, డబ్బు కట్టి కొనుక్కునేవాడికి తన గ్లాసులో ఎంత చక్కెర ఉందో తెలియకపోవడం ఏమిటి?

రోజుకు 25 గ్రాములు, అంటే ఆరు చెంచాలు దాటకుండా ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. మామూలు కోలాలో 100 మిల్లీలీటర్లకు 10 గ్రాములకు పైనే ఉంటుంది. 300 మిల్లీలీటర్ల గ్లాసు తాగితే దగ్గర దగ్గర ఎనిమిది చెంచాలు. అంటే ఆ రోజు కోటా ఆ ఒక్క గ్లాసుతోనే దాటిపోయింది. టమాటా కెచప్ బరువులో దాదాపు నాలుగో వంతు చక్కెరే. బర్గర్ బన్నులోనూ వేస్తారు. 2020లో ఐర్లాండ్ సుప్రీంకోర్టు పేరున్న ఒక శాండ్‌విచ్ సంస్థ బ్రెడ్ చూసి, పిండి బరువులో 10 శాతం చక్కెర ఉంది కాబట్టి పన్ను చట్టం ప్రకారం దీన్ని బ్రెడ్ అనడానికి వీల్లేదని తేల్చింది. అక్కడి చట్టంలో పరిమితి 2 శాతమే. మన దగ్గర అంత లోతుకు వెళ్లి అడిగేవాళ్లు ఎవరు?

లేబుల్ చదవమంటారా, నేను రోజూ చదువుతాను, అది నా పని. ఎక్కువ బరువున్న పదార్థం ముందు రాయాలన్నది నియమం. అందుకని కొన్ని ప్యాకెట్ల మీద చక్కెర కొంచెం, లిక్విడ్ గ్లూకోజ్ కొంచెం, ఇన్వర్ట్ సిరప్ కొంచెం, మాల్టోడెక్స్‌ట్రిన్ కొంచెం అని విడివిడిగా కనిపిస్తాయి. ఇవన్నీ చక్కెర చుట్టాలే. అన్నీ కలిపితే జాబితాలో మొదటికి రావాల్సినవి నాలుగు చోట్ల చెదిరిపోయి కింద కూర్చుంటాయి. భూతద్దం పెట్టి చూడాల్సిన అక్షరాలు. మా వీధి మూల జ్యూస్ బండివాడు నా కళ్లముందే గరిటెతో చక్కెర వేస్తాడు, వద్దంటే మానేస్తాడు. ఆ మాత్రం నిజాయితీ ఈ ప్యాకెట్లలో లేదు.

ఇక ఫాస్ట్‌ఫుడ్ షాపుల సంగతి. పది, అంతకంటే ఎక్కువ శాఖలున్న హోటళ్లు మెనూలో ప్రతి వంటకం పక్కన కేలరీలు రాయాలన్న నియమం 2022 జూలై నుంచి అమల్లో ఉంది. మిగతా పోషకాల వివరాలు అడిగితే ఇవ్వాలి. ఈమధ్య మా మేనకోడలి పిల్లలతో ఒక మాల్‌కు వెళ్లినప్పుడు, ఆ చిన్నది చూపించిన చాక్లెట్ షేక్‌లో చక్కెర ఎంతని కౌంటర్లో అడిగాను. ఆ అబ్బాయి పాపం లోపలికి వెళ్లి మేనేజర్ను పిలుచుకొచ్చాడు. "వెబ్‌సైట్లో ఉంటుంది సార్" అన్నాడాయన. ఫోన్లో వెతుకుతుంటే వెనక లైన్లో వాళ్లకు చిరాకు. దొరికేలోపు షేక్ కూడా వచ్చేసింది. బోర్డు మీద కేలరీలు ఉన్నాయి కానీ, ధర అక్షరాల పక్కన అవి చీమల్లా ఉన్నాయి. అసలు కేలరీల అంకె చూసి ఎనిమిది చెంచాల చక్కెర అని ఏ తల్లి లెక్కగట్టగలదు?

పట్టుబడితే జరుగుతుందనడానికి రుజువు మన హైదరాబాద్‌లోనే ఉంది. విరేచనాలప్పుడు తాగించే ఉప్పు-గ్లూకోజ్ ద్రావణం ఓఆర్ఎస్. ఆ పేరు పెట్టి అమ్మిన తీపి పానీయాల మీద పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. అసలు ఓఆర్ఎస్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉండాలి. ఈ అట్టపెట్టెల్లోది అంతకు ఎన్నో రెట్లు. విరేచనాలైన పిల్లవాడికి పడితే నీరసం తగ్గకపోగా ముదురుతుంది. చివరికి 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ఒక డాక్టరమ్మ ఇన్నేళ్లు పోరాడితే గానీ కదలని శాఖకు ఇన్ని ఆఫీసులు, ఇంత సిబ్బంది ఎందుకు?

2024 మార్చిలో గోబీ మంచూరియా రంగుల మీద కర్ణాటక ప్రభుత్వం నిషేధం పెట్టింది. మంచి పనే. తనిఖీకి తోపుడుబండ్ల దగ్గరికి వెళ్లగలిగిన అధికారులు మాల్ మెట్లు ఎక్కలేరా? స్కూల్ గేటుకు 50 మీటర్లలోపు చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువున్నవి అమ్మకూడదని 2020లోనే నిబంధన తెచ్చారు. మా పక్క వీధి స్కూల్ గేటు దగ్గర బడి వదిలే వేళకు నిలబడితే అది ఎంత అమలవుతోందో తెలుస్తుంది. ప్యాకెట్ ముందువైపు హెచ్చరిక గుర్తుల సంగతి మూడు నెలల్లో తేల్చమని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్తే, గడువు మీద గడువు. చిలీ దేశం 2016లోనే నల్లటి గుర్తులు వేయించింది. ఇక్కడేమో 2025 సెప్టెంబర్‌లో గ్యాస్ లేని పండ్ల డ్రింకుల మీద జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి దించారు. పదో వంతు పండ్ల రసం ఉంటే చాలు, పండ్ల డ్రింకు అనిపించుకుంటుంది. మిగతాదంతా నీళ్లూ చక్కెరా. దానికి పన్ను తగ్గింపు!

కాబట్టి మీ పత్రికకు నా విన్నపం ఇది. తల్లిదండ్రులకు చెప్పింది చాలు. 2022 జూలై నుంచి బెంగళూరులో ఎన్ని ఫాస్ట్‌ఫుడ్ శాఖల్లో మెనూ బోర్డులు తనిఖీ చేశారో, ఎంతమందికి నోటీసులిచ్చారో సమాచార హక్కు కింద రాష్ట్ర ఆహార భద్రత కమిషనర్ను అడగండి. వచ్చిన జవాబును, ఆ మామిడి డ్రింకు ప్రకటన వేసిన చోటే అర పేజీలో వేయండి.

ఇట్లు,
ఒక మెడికల్ షాపు యజమాని,
కృష్ణరాజపురం, బెంగళూరు