సముద్రపు దొంగల రోజు దాటిపోయాక

చిరంజీవి సౌభాగ్యవతి అమ్ములుకు,

నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేము క్షేమం. నువ్వు, అల్లుడుగారు, పిల్లలిద్దరూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాలి నొప్పి చాలావరకు తగ్గింది, దాని గురించి బెంగ పెట్టుకోకు.

సెప్టెంబరు 19, అదే సముద్రపు దొంగల్లా మాట్లాడే రోజు, వెళ్లి ఎనిమిది రోజులయింది. పోయిన మూడేళ్లుగా ఆ రోజు తెల్లవారేసరికి, కంటికి నల్లగుడ్డ కట్టుకుని చీపురుకర్రను కత్తిలా పట్టుకున్న చిన్నోడి ఫొటో వచ్చేది. నిరుడు బుజ్జి మీసం కూడా దిద్దుకుంది. కుడివైపు సరిగానే కుదిరింది కానీ, ఎడమవైపు మీసం చెవి దాకా పోయింది. ఈసారి ఏదీ రాలేదు. ఫోను పాడయిందేమో అనుకున్నాను, పిల్లలకు ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను. మొన్న ఆదివారం బాబిగాడు మాటల మధ్యలో, “అక్క ఆ రోజులన్నీ మానేసిందట నాన్నా” అన్నాడు. ఎందుకురా అని అడిగితే తెలియదన్నాడు. వాడికి తెలుసుననీ, నాకు చెప్పడం లేదనీ అమ్మ అంటుంది. సరే, అది అడగడానికి ఈ ఉత్తరం వ్రాయడం లేదు. ఆ రోజు గురించి ఈ మధ్య చదివి తెలుసుకున్న సంగతులు కొన్ని పిల్లలకు పనికివస్తాయని వ్రాస్తున్నాను.

సముద్రపు దొంగల్లా మాట్లాడే ఆ రోజు ఏ ప్రభుత్వమో పుట్టించినది కాదు. 1995 జూన్ 6న అమెరికాలో జాన్ బౌర్, మార్క్ సమ్మర్స్ అనే ఇద్దరు స్నేహితులు బంతి ఆట ఆడుకుంటూ, ఒకరినొకరు దొంగల యాసలో పలకరించుకుని, దీనికంటూ ఏటా ఒక రోజు ఉండాలని నిర్ణయించుకున్నారట. అయితే జూన్ 6 రెండవ ప్రపంచ యుద్ధంలో సైన్యాలు ఫ్రాన్సులోని నార్మండీ తీరాన దిగిన రోజు కనుక, ఆ తేదీన నవ్వులాటలు తగవని సెప్టెంబరు 19కి మార్చారు. ఆ తేదీకి ఉన్న విశేషమల్లా అది సమ్మర్స్ మాజీ భార్య పుట్టినరోజు కావడమే. ఏడేళ్ల పాటు అది వాళ్ల స్నేహితుల మధ్యనే ఉండిపోయింది. 2002లో డేవ్ బ్యారీ అనే హాస్య రచయిత తన పత్రికా శీర్షికలో వ్రాసిన తరువాతే లోకానికి తెలిసింది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, పుట్టించినవాళ్లే మొదటి తేదీని వదులుకుని మరొక తేదీకి జరుపుకున్నప్పుడు, మన ఇంట్లో అది సెప్టెంబరు చివరలోనో అక్టోబరులోనో జరిగితే తప్పేమీ లేదు.

ఇంకొక సంగతి బుజ్జికి నచ్చుతుంది. దొంగల యాస అని పిల్లలు నోరంతా తెరిచి “ఆర్ర్” అంటారే, అది నిజమైన సముద్రపు దొంగల దగ్గర నుంచి వచ్చినది కాదు. స్టీవెన్సన్ వ్రాసిన ట్రెజర్ ఐలాండ్ 1883లో పుస్తకంగా వచ్చింది. దాన్ని 1950లో సినిమాగా తీసినప్పుడు, కుంటి దొంగ వేషం వేసిన రాబర్ట్ న్యూటన్ అనే నటుడు తాను పుట్టిన నైరుతి ఇంగ్లండు యాసనే సాగదీసి మాట్లాడాడు. అప్పటి నుంచి లోకంలోని పిల్లలందరికీ దొంగల భాష అదే అయింది. అసలు ఆ కథ పుట్టుక ఇంకా ముచ్చటైనది. 1881 వేసవిలో, స్కాట్లండులో వానలకు బయటికి వెళ్లడానికి వీల్లేక ఇంట్లో కూర్చున్నప్పుడు, స్టీవెన్సన్ తన సవతి కొడుకుతో కలిసి కాగితం మీద ఒక దీవి పటం గీసి రంగులు వేశాడు. ఆ పటంలో నుంచే కథ వచ్చింది. ఇంట్లో పెద్దవాడు పిల్లవాడి పక్కన నేల మీద కూర్చున్న పొద్దు వృథా పోయిందని ఎవరైనా అంటే, ఈ ఒక్క సంగతి చాలు వాళ్లకు జవాబు చెప్పడానికి.

ఇలాంటి రోజులు నీకు కొత్త కావు కదమ్మా. నీకు ఆరేళ్లప్పుడు ఏదో పిల్లల పత్రికలో ‘అన్నీ తలకిందుల రోజు’ అని చదువుకున్నావు. ఆ సాయంత్రం నేను ఆఫీసు నుంచి అలసి వచ్చి చెప్పులు విడుస్తుంటే, గుమ్మంలో నిలబడి “వెళ్లి రండి నాన్నా” అన్నావు. నాకు అర్థం కాలేదు. చొక్కా వెనుక ముందు తొడుక్కున్నావు, రెండు జడల రిబ్బన్లూ కింద కాకుండా పైన కట్టుకున్నావు. అమ్మ నన్ను చూసి, ఏమీ అనవద్దని కళ్లతోనే చెప్పింది. అప్పట్లో అద్దెకు తెచ్చిన ఓడ సినిమా క్యాసెట్టు ఒకటి ఇంట్లో ఉంది. దాన్ని చివరి నుంచి మొదటికి చూడాలని పట్టుబట్టావు. బొమ్మ కనబడుతూనే టేపు వెనక్కి తిరుగుతుంటే, మునిగిన ఓడ నీళ్లలో నుంచి పైకి లేచి, విరిగిన తెరచాప అతుక్కుని, రేవు దాకా వెనక్కి నడిచి వచ్చింది. నువ్వు చప్పట్లు కొట్టావు. మిషను పాడవుతుందని నేను గొణుగుతూనే ఉన్నాను, అయినా లేవలేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. పడుకునేముందు, అట్ట ఊడిపోయిన నీ బొమ్మల పుస్తకం తెచ్చి, దీన్ని కూడా చివరి పేజీ నుంచి చదవమన్నావు. అడవిలో తప్పిపోయిన పిల్లవాడు ఇల్లు చేరే కథ అది. మొదట తల్లి ఒడిలో ఉన్నాడు, తరువాత ఇంటి దీపం కనబడింది, తరువాత ఏటి ఒడ్డున ఏడుస్తున్నాడు, తరువాత చెట్ల మధ్య ఒక్కడే నిలబడ్డాడు. మొదటి పేజీకి వచ్చేసరికి పిల్లవాడు బుట్ట పట్టుకుని నవ్వుతూ అడవిలోకి వెళుతున్నాడు. నేను పుస్తకం మూయబోతే నువ్వు నా చేయి పట్టుకుని ఆపావు. “వాడు ఇంటికి రాలేదు నాన్నా” అని ఏడుపు మొదలుపెట్టావు. ఇది తలకిందుల రోజు కదా తల్లీ అంటే వినలేదు, ఆట అయిపోయిందన్నా వినలేదు. రాత్రి పదకొండు గంటలకు లైటు మళ్లీ వేసి, పుస్తకాన్ని మొదటి నుంచి చివరి దాకా, ఒక్క పేజీ కూడా వదలకుండా చదివాను. తల్లి ఒడి బొమ్మ వచ్చేసరికి నిద్రపోయావు. ఆ బొమ్మ మీద నీ బొటనవేలు ఉండిపోయింది, తీయడానికి చాలాసేపు పట్టింది.

ఆ పుస్తకం ఇప్పటికీ అటక మీద ఉంది. బుజ్జికి పంపమంటావా? పేజీలు పెళుసుబారాయి కనుక తిప్పేటప్పుడు జాగ్రత్తగా ఉండమనాలి.

సలహాలు చెప్పకూడదనే అనుకున్నాను. ఒక్కటి మాత్రం చెప్పనివ్వు. ఇలాంటి రోజున పిల్లలకు పుస్తకం ముందు, సినిమా తరువాత. ఈ వరస మార్చవద్దు. సినిమా ముందు చూస్తే పిల్లల మనసులో ఆ ముఖాలే స్థిరపడిపోతాయి, తమంతట తాము ఊహించుకునే అవకాశం మళ్లీ రాదు. సినిమా అయ్యాక అదే ఘట్టం పుస్తకంలో తెరిచి, ఏది మారిందో వాళ్లనే వెదకమను. ఓజ్ మాంత్రికుడి కథనే చూడు. 1900 నాటి పుస్తకంలో ఆ అమ్మాయివి వెండి బూట్లు, 1939 నాటి సినిమాలో కెంపుల బూట్లు. రంగుల్లో తీస్తున్న సినిమా కనుక తెర మీద మెరవాలని మార్చారు. బుజ్జి అయితే ఎవరు చెప్పినది నిజమని పోట్లాడుతుంది, పోట్లాడనివ్వు. చిన్నోడు భయపడిన చోట సినిమా ఆపేయి, ధైర్యం చెప్పి చూపించవద్దు. తెరకు దూరంగా కూర్చోబెట్టు. నెలకు ఒక రోజు చాలు, అంతకు మించితే నీకే పని అవుతుంది. అట్టముక్కలు కత్తిరిస్తూ అర్ధరాత్రి దాకా మేలుకోవద్దు. టోపీ చక్కగా కుదరకపోయినా పిల్లలకు పట్టదు, నీకు నిద్ర చాలకపోతే మాత్రం మరునాటి నీ విసుగంతా వాళ్ల మీద పడుతుంది. ఇక ఇది చాలు.

అమ్ములూ, ఆ మాట అన్నది నేనే కదా. జూలై 22 రాత్రి నువ్వు ఫోను చేశావు. నెలను ముందు వేసుకునే అమెరికావాళ్ల లెక్కన మార్చి 14, అంటే 3/14, ‘పై’ రోజు (వృత్తం చుట్టుకొలతను అడ్డుకొలతతో భాగిస్తే వచ్చే 3.14 పేరిట) అయితే, తేదీని ముందు వేసుకునే మన లెక్కన జూలై 22, అంటే 22/7, కూడా పై రోజేనని ఎంతో సంతోషంగా చెప్పావు. పిల్లలు వంటింట్లో మూతలన్నిటికీ దారం చుట్టి కొలుస్తున్నారన్నావు. ఆ రోజు నా మనసు వేరే ఏదో చికాకులో ఉంది. “రేపు బడి లేదా? ఈ లేనిపోని రోజులతో పిల్లల పొద్దు ఎందుకు పాడుచేస్తావు?” అన్నాను. నువ్వు సరే నాన్నా అని పెట్టేశావు. ఆగస్టులో ఒక్క ఫొటో రాలేదు, ఇప్పుడు సెప్టెంబరులోనూ రాలేదు. నువ్వు మానేసింది అందుకేనా, లేక పని ఒత్తిడా, నాకు నేరుగా చెప్పు. ఒంట్లో బాగోలేకపోతే అది ముందు చెప్పు.

నీకు చెప్పని సంగతి ఒకటి ఉంది. మరునాడు ఉదయం అమ్మ చూడకుండా పెద్ద గిన్నె మూతకు దారం చుట్టాను. అడ్డుకొలత 21 సెంటీమీటర్లు వచ్చింది, చుట్టుకొలత 66 వచ్చింది. కాగితం మీద భాగించి చూస్తే సరిగ్గా 22/7. నాకు ఎంతో సంతోషమైంది. ఎవరికి చెప్పాలో తెలియక దారాన్ని చుట్టి మేకుకు తగిలించాను, ఇంకా అక్కడే ఉంది.

అక్టోబరు 6 వస్తోంది. ఆలిస్ కథలోని పిచ్చి టోపీవాడి రోజని నిరుడు నువ్వే చెప్పావు. టెనియల్ గీసిన బొమ్మలో వాడి టోపీకి గుచ్చిన చీటీ మీద 10/6 అని ఉంటుంది. అది టోపీ ధర, పది షిల్లింగుల ఆరు పెన్నీలు, దాన్ని అమెరికావాళ్లు తేదీగా చదువుకున్నారు. చిన్నోడు అది మన లెక్కన జూన్ 10 కావాలి కదా అని అడిగాడన్నావు. వాడికి సమాధానం చెప్పావా, అలాగే వదిలేశావా?

దీనితో పాటు ఒక పటం పెట్టాను. స్టీవెన్సన్ సంగతి చదివాక రెండు సాయంత్రాలు కూర్చుని గీశాను. మీ ఇంటి గదులే దీవులు. చిన్నోడి పడకగది తలుపు దగ్గర మొదలుపెట్టి, వాడి అడుగులతో పద్నాలుగు అడుగులు వేయాలి, నీ అడుగులతో కాదు. నిధి ఎక్కడ దాచాలో పటం వెనుక సన్నగా వ్రాశాను, వాళ్లకు ఇచ్చే ముందు ఆ వైపు కాగితం అంటించు. కంటికి కట్టే గుడ్డ బిగించవద్దు, ఆ కట్టుతో మెట్లు దిగనివ్వవద్దు. బుజ్జి మీసానికి కాటుక చాలు, డబ్బా రంగులు చర్మానికి పడవు. పటంలో మూడవ మలుపు దగ్గర సిరా చెదిరింది, అది దీవి కాదని చిన్నోడికి చెప్పు.

ఆశీస్సులతో,
నాన్న