ఆదివారం బొమ్మ పోటీ: 256 బైట్లే!

అందరికీ నమస్కారమండీ.

ఆదివారం ఉదయం 10 నుంచి 1 వరకు, మామూలు చోటే. ఇచ్చిన బొమ్మకి వీలైనంత దగ్గరగా ఉండే బొమ్మని గీసే చిన్న పైథాన్ ప్రోగ్రాం రాయడమే పోటీ. ఈసారి బొమ్మ మన గంట స్తంభం. 64×96 పిక్సెళ్లు (చుక్కలు), బ్లాక్ అండ్ వైట్: ఒక్కో పిక్సెల్ విలువ 0 (నలుపు) నుంచి 255 (తెలుపు) వరకు, మధ్యవన్నీ బూడిద రంగులు. పైథాన్ కోడ్ 256 బైట్లు దాటకూడదు. బయటి ఫైలు చదవడం, నెట్ వాడడం కుదరవు. ఔట్‌పుట్ పీజీఎం ఫైలు (బూడిద రంగు బొమ్మల కోసం ఉన్న సాదా ఫార్మాట్).

స్కోరు: అసలు బొమ్మకీ మీ బొమ్మకీ ప్రతి పిక్సెల్‌లో ఉన్న తేడాని వర్గం చేసి కూడతాం. తక్కువొస్తే గెలుపు.

ముందు మొత్తం సగటు రంగు ఒక్కటే నింపి చూడండి. సగం ఆకాశం 200, సగం స్తంభం 100 అనుకోండి. అంతా 150 పూస్తే ఒక్కో పిక్సెల్‌కి 2500 తప్పు! నడిమధ్యన సరైన వెడల్పుతో ఓ నిలువు పట్టీ వేస్తే అందులో చాలా వరకు పోతుంది. గడియారం ముళ్ల జోలికి అప్పుడే పోకండి, బైట్లు తినేస్తాయి, స్కోరు కదలదు.

ఎక్కువమంది బోల్తాపడేది బైట్ల లెక్క దగ్గరే. యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతి) ‘అ’ ఒక్కటే 3 బైట్లు. విండోస్‌లో సేవ్ చేస్తే లైన్ చివర రెండేసి బైట్లు పడొచ్చు, ఎడిటర్‌లో ఎల్ఎఫ్‌కి (లైన్ చివర ఒక్క బైటే పడే సెట్టింగ్) మార్చుకోండి. అలాగే పిక్సెల్ విలువ 255 దాటినా, సున్నా కిందికి దిగినా పైథాన్ బైట్స్ ఫంక్షన్ ఎర్రరిచ్చి ఆగిపోతుంది.

వచ్చేవాళ్లు శనివారం రాత్రి 8 లోపు ఇక్కడే మీ పేరు రాయండి. ల్యాప్‌టాప్ ఫుల్ ఛార్జ్‌తో తెచ్చుకోండి, ప్లగ్గులు నాలుగే ఉన్నాయి!