మైపాడు రోడ్డులో చైను కలిపి వెళ్లిన అన్నకు

ఆదివారం పొద్దున మైపాడు బీచ్ నుంచి నెల్లూరు వచ్చే దారిలో సైకిలాపి సాయం చేసి, పేరు అడిగేలోపే వెళ్లిపోయిన అన్నా, నమస్కారం.

విరిగింది చైను బయటి రేకు. దాన్ని చైన్ టూల్‌తో తీసేస్తే రెండు కొసలా లోపలి లింకులే మిగిలాయి కాబట్టి, మీరిచ్చిన 9 స్పీడ్ (వెనక తొమ్మిది గేర్ల చైనుకి సరిపడే) క్విక్ లింక్, అదే చైను కొసలు కలిపే రెండు ముక్కల లింకు, సరిగ్గా ఆ చోట కూర్చుంది, చైను పొడవు తగ్గలేదు. లింకును పైవరసకి తెచ్చి, వెనక బ్రేకు పట్టి పెడలు గట్టిగా నొక్కగానే టక్కుమంది. 10 స్పీడ్ లింకయితే ఇరుకై పట్టదు, చాలామంది పొరబడేది ఇక్కడే.

మీరు చెప్పినట్టే స్కేలు పెట్టి కొలిచాను. పిన్ను నుంచి పిన్నుకి 24 పిచ్‌లు (పక్కపక్క పిన్నుల మధ్య దూరాలు) 12 అంగుళాలుండాలి. పదహారో వంతు అంగుళం సాగింది, చైను మార్చాల్సిందే. ఎనిమిదో వంతు దాకా ఆగితే క్యాసెట్ (వెనక చక్రం గేర్ల గుత్తి) పళ్లూ అరిగిపోయేవి.

ఉప్పుగాలి, ఇసుక గురించి మీరన్నదీ నిజమే. ఇంజనాయిలు పోస్తే ఇసుకంతా అంటుకుని సానరాయిలా అరగదీస్తుంది. మామూలు నీళ్లతో కడిగి, ఆరబెట్టి, ఒక్కో రోలరుకి ఒక్క చుక్క చైన్ ల్యూబ్ వేసి, పైపైది గుడ్డతో తుడిచేయడమే. హబ్బుల (చక్రాల నడిమి బేరింగులుండే చోటు) మీద ప్రెషర్ గన్ కొట్టించొద్దన్నారు, అదీ మానేశాను (వాటర్ సర్వీసు షాపాయన అలిగాడు!).

మీకు లింకు బాకీ. కొత్త జత సీటు కింద సంచిలో ఉంది, ఆ దారిన కనబడితే చెయ్యెత్తండి.