మైకులది తప్పు కాదు, మా కాంబోది

మా దగ్గర రికార్డింగ్ కిట్ కొన్నవారికీ, అద్దెకు తీసుకున్నవారికీ నమస్కారం.

ఉగాదికి ముందు మేము ఒక కాంబో పెట్టాం. యూఎస్‌బీ మైకు, బల్లకు బిగించే స్టాండు, పాప్ ఫిల్టరు, ఒక బ్లూటూత్ హెడ్‌ఫోన్. ఇంట్లో కూర్చుని ఆడియో పుస్తకాలు చదివేవారు, యూట్యూబులో పాఠాలు చెప్పేవారు, పద్యాలు పాడి దాచుకునేవారు బాగానే కొన్నారు. ఆ తరువాత ఫోన్లు మొదలయ్యాయి. ‘నా మాట నాకే ఆలస్యంగా వినిపిస్తోంది’ అని ఒకరు, ‘వెనక నుంచి ఎవరో వెక్కిరిస్తున్నట్టుంది’ అని ఇంకొకరు, ‘మైకు పాడైంది, మార్చండి’ అని చాలామంది. మార్చాం. కొత్త మైకులోనూ అదే తంతు. కొందరితో ‘ల్యాప్‌టాప్ పాతది కదండీ’ అన్నాం. నలుగురికైతే ఖరీదైన ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె) కూడా అంటగట్టాం. మైకుల్లో లోపం లేదు, మీ ల్యాప్‌టాప్‌లలోనూ లేదు. మేము కూర్చిన కాంబోలోనే ఉంది. ఈ ముక్క ఒప్పుకోవడానికే ఇదంతా రాస్తున్నాను.

పోయిన నెల ఒక విశ్రాంత తెలుగు మాస్టారు కిట్ మొత్తం సంచిలో పెట్టుకుని దుకాణానికే వచ్చారు. కౌంటరు మీద ల్యాప్‌టాప్ తెరిచి, హెడ్‌ఫోన్ తగిలించుకుని ఒక ఉత్పలమాల ఎత్తుకున్నారు. నలభై ఏళ్లు తరగతి గదిలో పద్యం చెప్పిన గొంతు. రెండో పాదానికి వచ్చేసరికి అక్షరాలు సాగడం మొదలైంది. యతి దగ్గర తడబడ్డారు, మూడో పాదంలో ఆగిపోయారు. హెడ్‌ఫోన్ తీసి అదే పద్యం మళ్లీ ఎత్తుకుంటే ఎక్కడా తొట్రుపాటు లేదు. ‘చూశావా బాబూ, ఇది పెట్టుకుంటే నాకు నత్తి వస్తోంది’ అన్నారు.

ఆయన మాటలో అతిశయోక్తి లేదు. తన మాట తనకు ఆలస్యంగా వినిపిస్తే మనిషి నాలుక తడబడుతుందని 1950ల నుంచీ పరిశోధకులు గమనిస్తూనే ఉన్నారు. సెకనులో అయిదో వంతు, అంటే దాదాపు 200 మిల్లీసెకన్ల ఆలస్యం దగ్గర ఆ తడబాటు బాగా ఎక్కువ. మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్ ఒక్కటే సుమారు 150 నుంచి 250 మిల్లీసెకన్లు తినేస్తుంది. శబ్దాన్ని కుదించి, గాలిలో పంపి, అవతల మళ్లీ విప్పాలి కదా. పాట వినేటప్పుడు ఈ ఆలస్యం ఎవరికీ పట్టదు, పాట ఎప్పుడు మొదలైందో మనకు తెలియదు గనుక. సొంత మాట సంగతి అలా కాదు. మొత్తానికి మనిషిని తడబెట్టడానికి ఎంత ఆలస్యం కావాలో సరిగ్గా అంతా కొలిచి, డబ్బాలో పెట్టి, పండగ ఆఫర్ అని అమ్మాం.

ఇంకా సిగ్గుపడవలసిన విషయం ఏమిటంటే, ఆ మైకు అడుగున 3.5 మిల్లీమీటర్ల హెడ్‌ఫోన్ జాక్ ఉంది. మైకు పట్టిన గొంతును కంప్యూటర్ దాకా పంపకుండా అక్కడికక్కడే చెవికి చేర్చడానికి తయారుచేసినవాళ్లు పెట్టినది అది. దీన్నే డైరెక్ట్ మానిటరింగ్ అంటారు. వైరు ఉన్న హెడ్‌ఫోన్ అందులో గుచ్చితే చాలు. మేము దాన్ని వాడుకునే వీలే లేకుండా బ్లూటూత్ జతచేశాం. కారణం దాచను: ఫొటోలో అందంగా ఉంటుందని.

మా కుర్రవాడు పాటలు వినే వైరు హెడ్‌ఫోన్ తీసి మాస్టారి మైకుకు పెట్టాం. పద్యం సాఫీగా నడిచింది గానీ, ఆయన మొహం మాత్రం విప్పారలేదు. ‘ఇప్పుడు నాతో పాటు ఇంకొకడు కూడా చెబుతున్నాడు’ అన్నారు. అదీ మా పుణ్యమే. కిట్‌తో ఇచ్చిన కాగితంలో విండోస్ సౌండ్ సెట్టింగులలోకి వెళ్లి, మైకు ప్రాపర్టీస్‌లో ‘లిజన్’ అనే ట్యాబ్ తెరిచి, ‘లిజన్ టు దిస్ డివైస్’ అన్నచోట టిక్కు పెట్టమని మేమే రాశాం. ఆ టిక్కు వల్ల గొంతు ఒకసారి మైకు నుంచి నేరుగా, మరోసారి కంప్యూటర్ చుట్టూ తిరిగి వస్తోంది. టిక్కు తీసేశాం. రెండో మనిషి వెళ్లిపోయాడు. మాస్టారు మిగిలిన పద్యాలు కూడా మా కౌంటరు దగ్గరే పూర్తి చేసి వెళ్లారు, ఆ అరగంటా బేరాలు ఆగిపోయినా ఎవరూ ఏమీ అనలేదు.

కాబట్టి మీరు ముందుగా చేయవలసింది ఇదే. హెడ్‌ఫోన్ వైరు ల్యాప్‌టాప్‌కు కాదు, మైకుకు పెట్టండి. ఆ లిజన్ టిక్కు తీసేయండి. రికార్డింగుకు ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ వాడేవారు దాని రికార్డింగ్ ప్రిఫరెన్సులలో మన గొంతును మనకే వినిపించే ఆప్షన్ కూడా ఆపేయాలి. పాత వెర్షన్లలో దాని పేరు సాఫ్ట్‌వేర్ ప్లేత్రూ. అలాంటిదే అయిన రీపర్ వాడేవారు ట్రాక్ మీది మానిటర్ బటన్ ఆపితే సరిపోతుంది. ఇవి ఆపినంత మాత్రాన రికార్డింగ్ ఆగదు, చెవికి వచ్చే రెండో దారి మాత్రమే మూసుకుంటుంది. చాలామంది భయపడుతున్నట్టు ఈ ఆలస్యం మీ ఫైలులోకి చేరదు. మీరు తడబడితే ఆ తడబాటే చేరుతుంది.

కంప్యూటర్ దారి ఎందుకంత చుట్టు అంటారా? గొంతును అది చుక్కచుక్కగా తీసుకోదు, చెంబుడు నిండాక ఒక్కసారి తీసుకుంటుంది. ఆ చెంబు పేరే బఫర్. సెకనుకు 48,000 శాంపిల్స్ (అంటే శబ్దపు చిన్న చిన్న కొలతలు) చొప్పున తీసుకుంటుంటే 1024 శాంపిల్స్ బఫర్ నిండడానికి 21 మిల్లీసెకన్లు పడుతుంది, 128 అయితే మూడు కూడా పట్టదు. లోపలికి వచ్చేటప్పుడు ఒకటి, బయటికి వెళ్లేటప్పుడు ఒకటి, వాటి మీద డ్రైవరు తన వంతు. ఆడాసిటీ అయితే బఫరునే 100 మిల్లీసెకన్లకు పెట్టుకుని వస్తుంది. అంటే దానిలో మానిటరింగ్ పెట్టుకుని చదవడం కష్టమే. 10 మిల్లీసెకన్ల లోపు ఉంటే మాట్లాడేవారికి పెద్దగా ఇబ్బంది ఉండదు. గాలిలో శబ్దం ఆ వ్యవధిలో మూడున్నర మీటర్లు నడుస్తుంది, అంటే గదికి ఆ చివర ఉన్న మనిషి మాట విన్నట్టు. అయితే మన గొంతు ఎముకల గుండా మనకు ఎలాగూ వినిపిస్తూనే ఉంటుంది గనుక కొద్ది మిల్లీసెకన్ల తేడాకు కూడా డబ్బాలో తల పెట్టి మాట్లాడినట్టు అనిపించవచ్చు. గాయకులు దీన్ని ఇట్టే పట్టేస్తారు.

పాడేవారికి హెడ్‌ఫోన్‌లో కాస్త రివర్బ్, అంటే హాల్లో పాడినట్టు వినిపించే ప్రతిధ్వని, లేకపోతే గొంతు విప్పబుద్ధి కాదు, అది నాకు తెలుసు. ఆ రివర్బ్ సాఫ్ట్‌వేర్ నుంచే వస్తుంది కాబట్టి కంప్యూటర్ దారి తప్పదు. పాడే మీకు మాత్రమే ఇంటర్‌ఫేస్, దానితో వచ్చే ఆసియో డ్రైవరు (ఆలస్యం తగ్గించే సాఫ్ట్‌వేర్) నిజంగా పనికొస్తాయి. రికార్డు చేసేటప్పుడు బఫర్ 128కి దించండి. చిటపటలు వినిపిస్తే 256కి పెంచండి, బ్రౌజరు మూసేయండి, ల్యాప్‌టాప్‌కు చార్జరు పెట్టి ఉంచండి. మిక్సింగుకు కూర్చున్నప్పుడు 1024కి పెంచుకున్నా నష్టం లేదు.

డబ్బింగ్ చేసేవారి ఫిర్యాదు వేరు. వారికి చెవిలో బాగానే ఉంటుంది, తీరా చూస్తే బొమ్మ పెదవులకు గొంతు కాస్త వెనక పడుతుంది. దీనికి ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. ఒక ట్రాక్‌లో టిక్కు టిక్కుమనే క్లిక్ శబ్దం పెట్టండి. హెడ్‌ఫోన్ కప్పును మైకుకు ఆనించి, ఆ క్లిక్కులు వినిపిస్తుండగా రెండో ట్రాక్‌లో రికార్డు చేయండి. రెండు ట్రాక్‌లనూ బాగా జూమ్ చేసి చూస్తే పై క్లిక్కుకూ కింది క్లిక్కుకూ మధ్య ఖాళీ కనిపిస్తుంది. దాన్ని కొలవండి. ఆడాసిటీలో లేటెన్సీ కాంపెన్సేషన్, అంటే రికార్డైన ట్రాక్‌ను అంత మేర ముందుకు జరిపే సెట్టింగు, మామూలుగా మైనస్ 130 మిల్లీసెకన్లు ఉంటుంది. కింది క్లిక్కు 40 మిల్లీసెకన్లు వెనక ఉంటే దాన్ని మైనస్ 170 చేయండి. మళ్లీ కొలిస్తే ఖాళీ పోవాలి. మొదట్లో సరిగ్గా ఉండి, పది నిమిషాల తరువాత జరుగుతూ పోతుంటే అది వేరే జబ్బు. మైకు ఒక గడియారంతో, ల్యాప్‌టాప్ సౌండ్ కార్డు ఇంకో గడియారంతో నడుస్తున్నాయని అర్థం. వినడానికీ, రికార్డుకూ అదే యూఎస్‌బీ మైకును ఎంచుకుంటే కుదురుకుంటుంది.

ఇవన్నీ చేసే ముందు ఒక్క క్షణం మైకు జాలీ మీద గోటితో మెల్లగా గీయండి. స్క్రీన్ మీద గీత ఎగిరిపడాలి. ఎక్కడో దూరంగా గీసినట్టు కదిలీ కదలనట్టుంటే మీరు ఇన్నాళ్లూ ల్యాప్‌టాప్ మైకులోనే మాట్లాడుతున్నారు. నవ్వకండి, మొన్న ఫోన్ చేసిన ఇద్దరి దగ్గర తేలింది ఇదే. బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లోని మైకును కంప్యూటర్ తనంతట తాను ఎంచుకోవడం కూడా జరుగుతుంది. అప్పుడు వినిపించే శబ్దం కూడా టెలిఫోన్ స్థాయికి పడిపోతుంది.

ఇక మా వైపు లెక్క. కాంబో ఆపేశాం. ఇప్పటికే తీసుకున్నవారికి బ్లూటూత్ బదులు చెవిని పూర్తిగా మూసే వైరు హెడ్‌ఫోన్ ఇస్తాం, పైసా తీసుకోం. ధర తక్కువైతే తేడా తిరిగి ఇస్తాం. ఇంటర్‌ఫేస్ అంటగట్టించుకున్న ఆ నలుగురికీ ఈ వారంలో నేనే ఫోన్ చేస్తాను. అందులో ఒకామె పాడతారు కాబట్టి ఉంచుకుంటానంటే సంతోషం, మిగతా ముగ్గురూ పాఠాలు చెప్పేవారే, వారికి అది అవసరం లేదు. పూర్తి డబ్బు వెనక్కి ఇస్తాం. మార్చిన మైకులు ఎనిమిది మా దగ్గరే ఉన్నాయి. అన్నీ పరీక్షించాం, అన్నీ బాగున్నాయి. వాటిని వాడినవని చెప్పే తక్కువ ధరకు అమ్ముతాం.

పాత కాగితం దయచేసి చించేయండి. కొత్తది తెలుగులో, బొమ్మలతో అచ్చు వేయిస్తున్నాం. అచ్చుకు ఇచ్చే ముందు మాస్టారికి చూపించాం, అయిదు అక్షర దోషాలు దిద్ది పంపారు. విదేశాల్లో ఉన్న పిల్లల కోసం కొని పంపినవారు హెడ్‌ఫోన్ వెనక్కి పంపే శ్రమ పెట్టుకోకండి. అక్కడే ఒక వైరుది కొనుక్కోమనండి, బిల్లు ఫొటో పంపితే ఆ మేరకు మీకిక్కడ ఇస్తాం. దుకాణానికి వచ్చేవారు సాయంత్రం అయిదు లోపు వస్తే ల్యాప్‌టాప్ కూడా తెచ్చుకోండి, మీ ముందే సరిచేసి ఇస్తాం. అయిదు దాటితే పక్కన మిర్చి బండి మూకుడు పొయ్యి ఎక్కుతుంది. ఆ చుయ్యిమనే శబ్దంలో ఏ పరీక్షా సాగదు.