వదినగారి జాకెట్టు కొలత

చిరంజీవి శీనుకు, అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. కోతలు మొదలయ్యాయి. మీ నాన్న మోకాలు మాట వినడం లేదు. నువ్వు ఫోను చేసి మూడు వారాలైంది. పనుల్లో ఉంటావు, నేనేమీ అనుకోవడం లేదు. రమణమ్మత్త మాత్రం చైనాలోని మీ అత్తమామలు సంక్రాంతికి ఇక్కడికి రావడం లేదని, బ్యాంకాక్ వెళుతున్నారని ఎక్కడో విని వచ్చింది. ఆవిడ మాటలు నీకు తెలియనివా!

బ్యాంకాక్ వాళ్ళకు సులువేలే. 2024 మార్చి నుంచి చైనావాళ్ళకు అక్కడ వీసాయే అక్కర లేదు. మన దగ్గర ఐదేళ్ళు ఆగిన టూరిస్టు వీసాలు 2025 జూలై 24 నుంచి మళ్ళీ ఇస్తున్నారు గానీ, ఆన్‌లైన్‌లో ఫారం నింపి, అపాయింట్‌మెంటు తీసుకుని, పాస్‌పోర్టుతో స్వయంగా వెళ్ళాలట. మీ గ్వాంగ్‌జౌలోనే వీసా కేంద్రం ఉందిగా, పక్కన కూర్చుని నింపించు. పాస్‌పోర్టుకు ఆరు నెలలైనా గడువుండాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. ఇవన్నీ నాకు తెలియవా అంటావు. తెలిస్తే చూశావా మరి?

వీసా ఫొటోకు బావగారికి, అదే మీ మామగారికి, తెల్ల చొక్కా వేయకు. 2019లో మీ దగ్గరికి వచ్చేముందు మీ నాన్న వేసుకున్నారు. తెల్ల చొక్కా, తెల్ల జుట్టు, వెనక తెల్ల తెర. ముఖం ఒక్కటే గాలిలో తేలుతున్నట్టు వచ్చింది. కౌంటరు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాం. మళ్ళీ స్టూడియోకు పరుగెడితే అక్కడ కొక్కేనికి వేలాడుతున్న నల్లకోటు తొడిగారు. ఒక చెయ్యే పట్టింది. రెండో సగం వీపు వెనక పిన్నీసుతో బిగించి, ఊపిరి బిగబట్టమన్నారు. ఆ ఫొటో చూసిన వాళ్ళంతా ‘ఎవరీ వకీలుగారు?’ అంటారు.

మీ పెళ్ళిలో అమ్మాయి తరఫున ఒక్క మనిషీ లేరు. బాబాయీ పిన్నీ పీటల మీద కూర్చుని కన్యాదానం చేశారు. నీ కాళ్ళు కడుగుతుంటే వదినగారు, అదే మీ అత్తగారు, ఫోనుకు ముఖం ఆనించి చూశారు. వీసాలు లేకే రాలేకపోయారని వాళ్ళ బంధువులకు తెలుసా, మనం పిలవలేదనుకున్నారా? నువ్వు సరిగ్గా చెప్పావా? సరే, అయిపోయిన సంగతి.

2025 అక్టోబరు 26న గ్వాంగ్‌జౌ, కలకత్తా మధ్య నేరుగా విమానం మొదలైంది. మేం కలకత్తా వచ్చి తీసుకొస్తాం. మోకాలు సంగతి నాన్న చూసుకుంటారు. వేళకు తిను. చలికి చెవులు కప్పుకో.

వదినగారికి పసుపుపచ్చ పట్టుచీర తీశాను. జాకెట్టు కొలత పంపు. బ్యాంకాక్ వెళ్ళినా సరే, పంపు.

ఇట్లు,
అమ్మ